నీచు మానేశాక కంచంలోకి ఏం వచ్చింది? శాకాహార పరిశోధనలపై గోదావరి జిల్లాల లెక్క

కార్తీకం మొదలైతే గోదావరి డెల్టాలో చాలా ఇళ్లలో నీచు వండరు. చేపల మార్కెట్లు పలచబడతాయి, కోడిమాంసం ధర దిగుతుంది. నెల నిండాక షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకున్నవాళ్లలో కొందరికి అంకెలు కాస్త తగ్గి కనిపిస్తాయి. ‘మాంసం మానేసరికి ఒంట్లో తేడా తెలిసింది’ అనే మాట అక్కడే పుడుతుంది. ఆ మాట అబద్ధం కాదు, తేడా నిజంగానే వచ్చి ఉండవచ్చు. అయితే ఆ నెలలో మారింది మాంసం ఒక్కటేనా? తెల్లవారకముందే లేచి కాలవలోనో గోదావరిలోనో స్నానం, గుడిదాకా నడక, సోమవారాలు పగలంతా ఉపవాసం, చీకటి పడ్డాక ఇంత ఫలహారం. తాగుడు అలవాటున్నవాళ్లలో చాలామంది ఆ నెల మందు ముట్టరు. బయటి బిర్యానీలూ వేపుళ్లూ ఉండవు. ఇన్ని ఒకేసారి మారినప్పుడు ఘనతంతా కూరగాయలకే కట్టబెట్టడానికి ఆధారం లేదు.

శాకాహారం మీద ప్రపంచంలో వచ్చిన పెద్ద పరిశోధనల్లో చాలావాటికి ఉన్న చిక్కు ఇదే. వాటిలో ఎవరికీ ఫలానాది తినమని చీటీ వేసి పంచలేదు. తమంతట తాము శాకాహారం ఎంచుకున్నవాళ్లనూ, ఎంచుకోనివాళ్లనూ ఏళ్ల తరబడి గమనించి, ఎవరికి ఏ జబ్బు వచ్చిందో లెక్కేశారు. శాకాహారం ఎంచుకున్న మనిషి సాధారణంగా సిగరెట్ తక్కువ కాలుస్తాడు, ఎక్కువ నడుస్తాడు, బరువు చూసుకుంటాడు, పరీక్షలు వాయిదా వేయడు. ఈ తోడు అలవాట్లను గణితంతో విడదీయడానికి పరిశోధకులు నిజాయితీగానే కష్టపడతారు. కానీ కొలిచినవాటినే విడదీయగలరు. కొలవనిది లెక్కలో అలాగే మిగిలిపోతుంది.

అమెరికాలో సెవెంత్‌డే అడ్వెంటిస్టులు అనే క్రైస్తవ శాఖవారిపై జరిగిన రెండో ఆరోగ్య అధ్యయనాన్నే తీసుకుందాం. 2013లో వెలువడిన ఫలితాల్లో 73,308 మంది ఉన్నారు. మాంసం తినేవాళ్లతో పోలిస్తే శాకాహారులలో మొత్తం మరణాల రేటు 12 శాతం తక్కువగా కనిపించింది. తేడా మగవాళ్లలో స్పష్టంగా ఉంది, ఆడవాళ్లలో గట్టిగా చెప్పగలిగినంత లేదు. ఈ అధ్యయనానికి ఒక మంచి గుణం ఉంది: ఆ సమాజంలో మాంసం తినేవాళ్లు కూడా చాలావరకు పొగ, మద్యం ముట్టరు కాబట్టి పోలిక కొంత శుభ్రమైనది. బలహీనత కూడా అక్కడే ఉంది. శాకాహారాన్ని ప్రోత్సహించే మతంలో దాన్ని పాటించేవారు ఆ మతం చెప్పే మిగతా ఆరోగ్య నియమాలు కూడా ఎక్కువ శ్రద్ధగా పాటించేవారై ఉండవచ్చు. కార్తీక మాసం చిక్కు ఇక్కడ నెల రోజులది కాదు, జీవితకాలానిది.

బ్రిటన్‌లో జరిగిన ఎపిక్-ఆక్స్‌ఫర్డ్ అధ్యయనం ఇంకో రకంగా ఆలోచింపజేస్తుంది. 48,188 మందిని సుమారు 18 ఏళ్లపాటు గమనించి 2019లో ఫలితాలు ప్రకటించారు. గుండె రక్తనాళాలు పూడుకుపోయే జబ్బు శాకాహారుల్లో 22 శాతం, మాంసం మానేసి చేపలు మాత్రం తినేవాళ్లలో 13 శాతం తక్కువ. అదే శాకాహారుల్లో పక్షవాతం మాత్రం 20 శాతం ఎక్కువ. అందులో ప్రధానంగా మెదడులో రక్తస్రావం అయ్యే రకం. కొందరు మొదటి అంకెను మాత్రమే పంచుకున్నారు, ఇంకొందరు రెండోదాన్ని మాత్రమే. రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయన్న సంగతి రెండు వర్గాలూ వదిలేశాయి.

పైగా ఈ శాతాలను విడిగా చూస్తే భయమో ఆశో పెరుగుతుంది గానీ విషయం అర్థం కాదు. ఆ పరిశోధకులే వాటిని మనుషుల లెక్కలోకి మార్చి ఇచ్చారు: వెయ్యిమంది శాకాహారులను పదేళ్లు గమనిస్తే, అంతేమంది మాంసాహారులతో పోల్చినప్పుడు గుండెజబ్బు కేసులు సుమారు 10 తగ్గుతాయి, పక్షవాతం కేసులు సుమారు 3 పెరుగుతాయి. వెయ్యికి 10 అంటే నూటికి ఒకరు, అదీ పదేళ్లలో. ఇది తీసిపారేయాల్సిన తేడా కాదు. అలాగని ‘22 శాతం’ అన్నప్పుడు మనసులో మెదిలే బొమ్మ అంత పెద్దదీ కాదు. ఏ వార్తలోనైనా ‘ఇంత శాతం తగ్గుతుంది’ అని కనబడితే వెంటనే అడగాల్సింది ఒకటే: వెయ్యికి ఎందరు నుంచి ఎందరికి? ఈ జవాబు వార్తలో లేకపోతే ఆ శాతాన్ని పక్కన పెట్టడమే మేలు.

ఇక్కడిదాకా చిక్కు అధ్యయనాల్లో ఉంది. ఆ ఫలితాలను గోదావరి జిల్లాలకు తెచ్చేసరికి అసలు చిక్కు మొదలవుతుంది.

2014 నాటి నమూనా నమోదు సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 98 మంది మాంసాహారులు. ఈ మాట విని ఇక్కడివాళ్లు రోజూ మాంసం తింటారనుకుంటే పొరపాటు. డెల్టాలో మాంసాహారి అంటే చాలా ఇళ్లలో ఆదివారం కోడికూర, మధ్యలో ఒకటి రెండుసార్లు చేపల పులుసు, ఎండునెత్తళ్లు వేసిన వంకాయ కూర, అప్పుడప్పుడూ గుడ్డు. మిగతా పూటలన్నీ అన్నం, పప్పు, పులుసు, పచ్చడి, మజ్జిగ. పాశ్చాత్య అధ్యయనాల్లో మాంసాహారి అంటే పొద్దున బేకన్, మధ్యాహ్నం హామ్ పెట్టిన బ్రెడ్డు, రాత్రికి గొడ్డుమాంసం ముక్క తినే మనిషి కావచ్చు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం నిల్వ మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందన్న లెక్క అలాంటి మాంసం గురించి. దాన్ని పట్టుకొచ్చి ఆదివారం నాటుకోడి పులుసుకు అంటగట్టడం తప్పు. రెండుచోట్లా ‘మాంసాహారి’ అన్న పేరే ఉంది, కంచాలు మాత్రం వేరు.

‘శాకాహారి’ అన్న పేరుదీ ఇదే కథ. అక్కడ శాకాహారి మాంసం తీసేసిన చోట రాజ్మా, శనగలు, బాదం, ముడిగోధుమ రొట్టె పెట్టుకున్నవాడు కావచ్చు. ఇక్కడ నీచు తీసేసిన చోటికి ఏం వస్తుంది? నిజాయితీగా చెప్పుకుంటే, చాలా కంచాల్లో ఇంకో గరిటెడు అన్నం, బంగాళాదుంప వేపుడు, అప్పడం, కార్తీక ఫలహారం పేరుతో ఉప్మా, అట్లు, సాయంత్రం పూతరేకులు. ఇవన్నీ మొక్కల నుంచి వచ్చినవే. నేతిచుక్క తప్పిస్తే పూతరేకు కూడా శుద్ధ మొక్కల ఆహారమే!

ఈ తేడాను పట్టుకున్న పరిశోధన ఒకటుంది. హార్వర్డ్ పరిశోధకులు అమెరికాలోని నర్సులు, వైద్యరంగ ఉద్యోగులు సుమారు 2 లక్షల మంది ఆహార వివరాలను 2017లో రెండు రకాలుగా విడగొట్టారు. ముడిధాన్యాలు, పప్పుదినుసులు, గింజలు, కూరగాయలు, పండ్లు ఎక్కువగా ఉన్న మొక్కల ఆహారం ఒక పక్క. తెల్లగా పట్టిన ధాన్యం, బంగాళాదుంప, తీపి పదార్థాలు, తియ్యటి పానీయాలు ఎక్కువగా ఉన్న మొక్కల ఆహారం ఇంకో పక్క. మొదటి రకంలో ఎక్కువ మార్కులు వచ్చినవారికి గుండెజబ్బు సుమారు 25 శాతం తక్కువ. రెండో రకంలో ఎక్కువ మార్కులు వచ్చినవారికి 32 శాతం ఎక్కువ. శాకాహారం అన్న ఒకే పేరు కింద రెండు ఎదురెదురు ఫలితాలు దాక్కున్నాయన్నమాట. ఇదీ గమనించి చూసిన అధ్యయనమే కాబట్టి కలగలుపు చిక్కు దీనికీ ఉంది. కానీ ప్రశ్న మాత్రం సరైనది వేసింది. మాంసం ఉందా లేదా అని కాకుండా, కంచం దేనితో నిండింది అని.

డెల్టాకు ఈ ప్రశ్న చాలా అవసరం. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల పల్లెల్లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమం పేరుతో 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో మంచి పని జరిగింది. 45 గ్రామాల్లో ఒక ఏడాది 1,354 మరణాలను పరిశీలిస్తే, గుండె, రక్తనాళాల జబ్బులవి 32 శాతం. అంటువ్యాధులవి 12 శాతమే. అదే ప్రాంతంలో 30 ఏళ్లు దాటిన వాళ్లను పరీక్షిస్తే 13.2 శాతం మందికి మధుమేహం. రోజూ మాంసం తినే అలవాటే లేని పల్లెలివి. కాబట్టి ఇక్కడి గుండెజబ్బుకూ షుగరుకూ మాంసాన్ని మొదటి ముద్దాయిగా నిలబెట్టడం లెక్కకు నిలవదు. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్త మధుమేహ సర్వే ప్రకారం మన ఆహారంలో శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది, అందులోనూ ఎక్కువ భాగం పట్టిన బియ్యం, మిల్లు పిండి, చక్కెర.

లెక్క వేసి చూద్దాం. రైస్ కుక్కర్‌తో వచ్చే చిన్న గ్లాసు నిండా పోస్తే సుమారు 150 గ్రాముల బియ్యం. పొద్దున అట్లలో వెళ్లేదీ కలిపి మనిషికి రోజుకు 400 గ్రాముల బియ్యం అనుకుందాం, పొలం పని చేసే ఇళ్లలో ఇది ఎక్కువేమీ కాదు. 400 గ్రాములంటే సుమారు 1,400 కేలరీలు. కూర్చుని పనిచేసే మనిషి రోజు అవసరం 2,000 అనుకుంటే 70 శాతం బియ్యంతోనే నిండిపోయింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ధాన్యాల వాటా 45 శాతం మించవద్దని, 2,000 కేలరీల కంచంలో 250 గ్రాముల ధాన్యం చాలని చెప్పింది. ఆ కంచంలో మిగతావి: 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 85 గ్రాముల పప్పులు లేదా గుడ్లు, చేప, మాంసం, 35 గ్రాముల గింజలు, 100 గ్రాముల పండ్లు, 300 మిల్లీలీటర్ల పాలు, 27 గ్రాముల నూనె.

ఈ 85 గ్రాముల దగ్గరే శాకాహార కంచం దెబ్బతింటుంది. నలుగురికి పప్పుచారు పెట్టాలంటే వేసేది ఒక గుప్పెడు కందిపప్పు, మహా అయితే 80 గ్రాములు. మనిషికి 20 గ్రాములు. కందిపప్పులో నూటికి 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది కాబట్టి ఆ పూట వచ్చింది నాలుగున్నర గ్రాములు. ‘రోజూ పప్పు తింటున్నాం’ అన్న మాట నిజమే, వాటా మాత్రం చారెడు నీళ్లలో కరిగిపోయింది. మానేసిన 100 గ్రాముల చేప స్థానంలో అంతే ప్రొటీన్ రావాలంటే, అంటే 17 నుంచి 20 గ్రాములు, 80–90 గ్రాముల పచ్చి పప్పు కావాలి. పప్పుచారుతో ఆ పని జరగదు. ముద్దపప్పో, గట్టి పెసరట్టో, ఉడకబెట్టిన శనగలో అయితేనే అది సాధ్యం. ప్రొటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాల్లో, బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో మిథియోనిన్ తక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది. అన్నం మూడు పాళ్లు, పప్పు ఒక పాలు, పచ్చి బరువులో, అనుకుంటే 250 గ్రాముల బియ్యానికి 80 గ్రాములు పప్పు. చేతిలో ఒక చిన్న తూకం ఉంటే ఒక్క వారంలోనే ఇంటి సంగతి తేలిపోతుంది.

బియ్యంలోనూ అన్నీ ఒకటి కావు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 2012లో 235 రకాల బియ్యం గ్లైసీమిక్ సూచికను, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకెను, పరిశీలిస్తే 48 నుంచి 92 దాకా వచ్చింది, సగటు 64. తక్కువ వచ్చిన వాటిలో స్వర్ణ ఒకటి. ఎంటీయూ 7029 అన్న ఆ రకం పుట్టింది పశ్చిమ గోదావరి మార్టేరు పరిశోధన కేంద్రంలోనే. మన మట్టిలో పుట్టిన ఈ రకానికి ఈ గుణం ఉండటం సంతోషించదగ్గ విషయం. అయితే సూచిక తక్కువని గరిటెలు పెంచితే లాభమంతా పోతుంది. సూచికను పరిమాణంతో హెచ్చవేస్తేనే రక్తంలోకి వెళ్లే చక్కెర భారం తెలుస్తుంది.

మొక్కల ఆహారం అన్న పేరు ఎంత మోసం చేయగలదో ఈ తీరానికి వందేళ్ల కిందటే తెలుసు. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో బెరిబెరి జబ్బు ఉత్తర సర్కారుల తీరాన్నే పట్టి పీడించింది, అందులో గోదావరి జిల్లాలూ ఉన్నాయి. తమిళ జిల్లాల్లో అది దాదాపు లేదు. రెండుచోట్లా ప్రధాన ఆహారం బియ్యమే. తేడా ఎక్కడంటే, తమిళ జిల్లాల్లో ఉప్పుడు బియ్యం తినేవారు, ఇక్కడ పచ్చి వడ్లను మిల్లులో తెల్లగా పట్టించిన బియ్యం. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరలోని థయమిన్ (బీ1 విటమిన్, ఇది లోపిస్తేనే బెరిబెరి) గింజ లోపలికి చేరుతుంది, ఆ తర్వాత పట్టినా, కడిగినా అంతగా పోదు. పచ్చి బియ్యంలో అది తవుడుతోపాటు పశువుల తొట్టిలోకి పోతుంది, మిగిలినది నాలుగుసార్లు కడిగి గంజి వార్చినప్పుడు కాలవలోకి పోతుంది. నేటి జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బ్రిటిష్ వైద్యుడు మెక్‌కారిసన్ చేతుల మీదుగా బెరిబెరి విచారణ విభాగంగానే మొదలైంది. ‘అన్నం మంచిదా చెడ్డదా’ అని అడుగుతూ కూర్చుంటే ఆ జబ్బు సంగతి ఎప్పటికీ తేలేది కాదు. ఏ బియ్యం, ఎలా పట్టినది, దానితోపాటు ఇంకేం తిన్నారు అని అడిగితేనే తేలింది. ఇప్పటికీ దాళ్వా (రబీ) పంటలోని బొండాల రకం వడ్లు ఉప్పుడు బియ్యమై కేరళకు వెళ్తాయి, పండించిన ఊళ్లో మాత్రం తెల్లటి సన్నబియ్యం ఉడుకుతుంది.

గమనించి చూసే అధ్యయనాలను పక్కనబెట్టి, మనుషులకు చీటీ వేసి ఆహారం పంచిన ప్రయోగాలేమంటున్నాయి? 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 22 జతల కవలలతో 8 వారాల ప్రయోగం చేశారు. ప్రతి జతలో ఒకరికి పాలు కూడా లేని పూర్తి మొక్కల ఆహారం, ఇంకొకరికి మాంసం, గుడ్లు కలిసిన ఆరోగ్యకరమైన ఆహారం. మొదటివారిలో చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) డెసీలీటరు రక్తానికి సుమారు 14 మిల్లీగ్రాములు అదనంగా తగ్గింది. ఇది నమ్మదగ్గ ఫలితం. సంతృప్త కొవ్వు తగ్గించి పీచు పెంచితే ఎల్‌డీఎల్ దిగుతుందని అనేక ప్రయోగాలు ఇదే చెప్పాయి. కానీ ఆ కవలల్లో మొక్కల ఆహారం తిన్నవారు బరువు కూడా ఎక్కువ తగ్గారు, కాబట్టి ఎంత భాగం ఆహార రకం వల్ల, ఎంత భాగం తక్కువ తినడం వల్ల అన్నది మిగిలిపోతుంది. 8 వారాల్లో గుండెపోట్లు లెక్కించలేం. 1990లో అమెరికా వైద్యుడు డీన్ ఆర్నిష్ చేసిన ప్రసిద్ధ ప్రయోగంలో 48 మందే. అందులో శాకాహారంతోపాటు వ్యాయామం, ధ్యానం, పొగ మానడం, బృందంగా కూర్చుని మాట్లాడుకోవడం అన్నీ ఉన్నాయి. ‘శాకాహారంతో పూడిన నాళాలు తెరుచుకున్నాయి’ అని దాన్ని చెప్పుకోవడం, కార్తీక పుణ్యమంతా వంకాయకు రాసివ్వడం లాంటిదే.

ఎదుటి వర్గం వాదనకూ ఇదే జల్లెడ పట్టాలి. 18 దేశాల్లో 1,35,335 మందిపై జరిగిన ప్యూర్ అధ్యయనం 2017లో పిండిపదార్థాలు చాలా ఎక్కువ తినేవారిలో మరణాలు ఎక్కువని, కొవ్వు తినేవారిలో తక్కువని చెప్పింది. భారత్ కూడా అందులో ఉంది. దీన్ని చూపి ‘నెయ్యి, మాంసం ఎంతైనా తినవచ్చు’ అనేవాళ్లున్నారు. శక్తిలో 77 శాతం పిండిపదార్థాల నుంచే వచ్చే ఇల్లు చాలావరకు పేదిల్లు. ఆసుపత్రి దూరం, పని బరువు, కలుషిత నీరు కూడా ఆ మరణాల్లో కలిసే ఉంటాయి. తనకు నచ్చిన ఫలితం దగ్గర ఈ జల్లెడ దాచేయడం ఏ వర్గానికీ మంచిది కాదు.

ఆహారాన్ని కొలిచే తీరులోనూ పెద్ద లోపముంది. ఈ అధ్యయనాలు ఎక్కువగా ప్రశ్నావళి మీద నడుస్తాయి: గత ఏడాదిలో ఫలానాది వారానికి ఎన్నిసార్లు తిన్నారు, ఎంత? డెల్టాలో ఈ ప్రశ్నకు జవాబు రాయడం చాలా కష్టం. మామిడికాయ కాలంలో ఒక పప్పు, వానాకాలంలో పులస, సంక్రాంతికి అరిసెలు, ఎండాకాలం తాటిముంజలు. కంద బచ్చలిలో కంద ఎంత, బచ్చలి ఎంత? ఒకే కంచంలో నలుగురికి వడ్డించిన కూరలో మనిషికెంత? నూనె అయితే వండిన మనిషికి కూడా తెలియదు. దీనికి మాత్రం ఇంట్లోనే తేలికైన కొలత ఉంది: నెలకు కొన్న నూనెను మనుషుల సంఖ్యతో, 30 రోజులతో భాగించాలి. నలుగురున్న ఇంట్లో 4 లీటర్లు అయితే మనిషికి రోజుకు 33 మిల్లీలీటర్లు, అంటే సుమారు 30 గ్రాములు. బయట తిన్న బజ్జీలు దీనికి అదనం. ఉప్పుకూ ఇదే పద్ధతి పనికొస్తుంది, పచ్చళ్లకు పోసిన ఉప్పు విడిగా కలపాలి. ఆంధ్రప్రదేశ్‌లో 24 గంటల మూత్రం సేకరించి లెక్కిస్తే సగటున రోజుకు సుమారు 9.5 గ్రాముల ఉప్పు తేలింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు 5 గ్రాములు. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ శాకాహారమే. రక్తపోటు మాత్రం ఆ భేదం చూడదు.

ఇక శాకాహారానికి మారేవాళ్లు నిజంగా జాగ్రత్తపడాల్సిన చోటు విటమిన్ బీ12. ఈ విషయంలో భీమవరానికి ఒక బంధం ఉంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, స్ప్రూ అనే పేగు జబ్బుతో సోదరుణ్ణి పోగొట్టుకుని, తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్‌ను 1945లో కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపించారు. ఆకుకూరల్లో ఉండే ఈ విటమిన్ ఒక రకం రక్తహీనతను అద్భుతంగా సరిచేస్తుంది. కానీ బీ12 లోపం వల్ల వచ్చిన రక్తహీనతను కూడా ఇది పైపైన సరిచేస్తుంది, నరాల దెబ్బను మాత్రం ఆపదు. అందుకే బీ12 చూడకుండా 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర నెలల తరబడి వేసుకుంటే రక్తం రిపోర్టు బాగుంటుంది, కాళ్లలో తిమ్మిర్లు, అరికాళ్ల మంట, మతిమరుపు, నడకలో తూలు లోలోపల ముదురుతాయి.

బీ12 మొక్కల్లో లేదు. గోంగూరలో లేదు, పుట్టగొడుగుల మీద ఆధారపడలేం, స్పైరులినా బిళ్లల్లో ఉన్నది ఎక్కువగా శరీరం వాడుకోలేని రూపం. పెద్దవాళ్లకు రోజుకు 2 మైక్రోగ్రాముల పైచిలుకు కావాలి. 300 మిల్లీలీటర్ల పాలు, పెరుగుతో అందులో సగం దాకా తీరుతుంది, గుడ్డు ఒక్కటి అర మైక్రోగ్రాము దాకా ఇస్తుంది. చేప రకాన్ని బట్టి మారినా ఒక ముక్క పులుసుతో రోజు అవసరం దాదాపు తీరుతుంది. పలచని మజ్జిగను పెరుగుతో సమానంగా లెక్కించకూడదు. కాలేయంలో నిల్వలు ఏళ్లపాటు వస్తాయి కాబట్టి కార్తీకంలో నెల మానినందువల్ల ఏమీ కాదు. పాలు కూడా మానేసి ‘రెండేళ్లయింది, హాయిగా ఉన్నాం’ అనేవాళ్ల మాటను మాత్రం ఇంకో మూడేళ్లు ఆగి వినాలి. మెట్‌ఫార్మిన్ వాడే షుగరు రోగులకు, ఏళ్లుగా పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు వాడేవాళ్లకు బీ12 లోపం ఇంకా తొందరగా వస్తుంది. మిల్లీలీటరు రక్తంలో బీ12 200 పికోగ్రాముల లోపుంటే లోపమే. 200–300 మధ్య అనుమానం, అప్పుడు బీ12 తగ్గితే రక్తంలో పెరిగే హోమోసిస్టీన్ కూడా చూపించుకుంటే తేలుతుంది. పాలు కూడా మానేవాళ్లు డాక్టరు సలహాతో బీ12 మాత్ర వేసుకోవాల్సిందే, దీనికి ఇంటి వైద్యం లేదు.

పాలు మానేవాళ్లకు ఎముకల సంగతీ ఉంది. ఎపిక్-ఆక్స్‌ఫర్డ్‌లోనే 2020లో పూర్తి మొక్కల ఆహారం తినేవారిలో ఎముకలు విరగడం 43 శాతం ఎక్కువని తేలింది, వెయ్యిమందికి పదేళ్లలో సుమారు 20 కేసులు అదనం. ఇక్కడ రాగులు, నువ్వులు ఆదుకుంటాయి. 100 గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. చేపలు తినేవారికి ముళ్లతో సహా నమిలే నెత్తళ్లు ఇంకా మంచివి. ఎండువైతే రెండుమూడుసార్లు వేడినీళ్లలో కడిగి ఉప్పు వదిలించుకోవాలి.

ఇనుము విషయంలో చిన్న మార్పులే పెద్ద ఫలితమిస్తాయి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. ఆకుకూరల్లో ఇనుము ఉన్నా ఒంటికి పట్టేది కొంతే. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే, ఉసిరి పచ్చడి కలుపుకుంటే పట్టడం పెరుగుతుంది. తినగానే టీ తాగితే తగ్గుతుంది. గంట ఆగి తాగాలి.

శాకాహారం తనకు సరిపడుతుందా అని స్వయంగా తేల్చుకోవాలనుకునేవారికి కార్తీకం చాలదు. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష రెండుమూడు నెలల షుగరు సగటును చూపిస్తుంది, 30 రోజుల మార్పు అందులో సగమే కనబడుతుంది. 12 వారాలు పెట్టుకోవాలి. మొదటి రోజు, చివరి రోజు ఒకే ల్యాబులో, 10–12 గంటలు పరగడుపున, జ్వరం లేనప్పుడు కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని కొవ్వు), హెచ్‌బీఏ1సీ, బీ12, హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. మధ్యాహ్నం భోజనం తర్వాత రెండు గంటలకు షుగరు కూడా, ఎందుకంటే అన్నం ప్రభావం పరగడుపు అంకెలో దాగిపోతుంది. రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు, ఆ ఒక్క అంకెనే నమ్మకూడదు. బరువు, నడుము కొలత వారానికోసారి రాసుకోవాలి. ఈ 12 వారాల్లో నడక, మద్యం, సిగరెట్, నిద్ర అలవాట్లు మార్చకూడదు. మారిస్తే మళ్లీ అదే కలగలుపు. ఎల్‌డీఎల్ తగ్గి ట్రైగ్లిజరైడ్లు పెరిగాయంటే మాంసం పోయిన చోటికి అన్నం, తీపి వచ్చాయని అర్థం. అప్పుడు మాంసం వైపు చూడకుండా బియ్యం గ్లాసును తూచాలి. రోజుకు 400 గ్రాముల బియ్యంలో 150 గ్రాములు తీసి, ఆ 525 కేలరీల చోట 45 గ్రాముల పప్పు, 25 గ్రాముల వేరుశనగ గుళ్లు, ఒక గ్లాసు పెరుగు, 200 గ్రాముల కూర పెట్టి ఇంకో 12 వారాలు చూస్తే తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

రెండు వర్గాలవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ఇది మొదలుపెట్టకూడదు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ అనే షుగరు మాత్ర వాడేవాళ్లు ఉపవాసమున్నా, అన్నం ఒక్కసారిగా తగ్గించినా షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది, మోతాదు ముందే సవరించుకోవాలి. మూత్రపిండాల జబ్బున్నవాళ్లకు కోనసీమలో దొరికే కొబ్బరినీళ్లు, అరటిపండు, ఆకుకూరలు పొటాషియం పెంచుతాయి. పప్పు ఎంత తినాలో కూడా వాళ్లకు వేరే లెక్క ఉంటుంది. కార్తీక సోమవారం ఉపవాసమున్నప్పుడు ఒళ్లు చెమటపట్టి, చేతులు వణికితే ఆగకుండా మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ షుగరు చూసుకోవాలి.